కబురు పట్టిక

పరీక్షాధికారి వ్రాసిన ఆ ఒక్క వాక్యాన్ని ఎన్ని మార్లు చదివానో చెప్పలేను. "ఈ పట్టిక ఎవరికి, ఏ విధంగా ఉపయోగపడుతుందో అభ్యర్థిని వివరించలేదు." మూలం ఇంగ్లీషు, తెనిగింపు నాది. వ్రాసినవారెవరో నాకు తెలియదు, వారి మీద పగ లేదు. తమ ముందున్న కాగితం చూశారు, అందులో లేనిదాన్ని లేదన్నారు. అయినా నాకు కోపం వచ్చింది, వచ్చిన కోపం ఇన్నాళ్ళయినా దిగలేదు. ఆ పట్టిక ఎవరి అవసరం కోసం తయారైందో ఆ మనిషిని నేనే. అది ఎవరికి ఉపయోగపడిందో నాకు తెలుసు, నా మనవరాలికీ తెలుసు. తెలిసి ఇద్దరమూ నోరు కుట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ మౌనానికి మార్కులు కోశారు.

నా మనవరాలు బడి చదువు ముగించాక ఒక విదేశీ పరీక్షకు సంబంధించిన రెండేళ్ళ పాఠక్రమంలో చేరింది. ఆంధ్రదేశంలో ఇంటర్మీడియట్ అనే మెట్టుకు అది సమానం. ఆమె తీసుకున్న విషయాల్లో ఒకటి సమాచార సాంకేతికత, అందులోనూ చేత్తో చేసి చూపవలసిన శాఖ. కంఠస్థం చేసి ఒప్పజెబితే అక్కడ చెల్లదు. ఒక నిజమైన మనిషినో సంస్థనో ఎంచుకుని, వారి అవసరం ఏమిటో అడిగి తెలుసుకుని, దానికి తగిన పనిముట్టును కంప్యూటరులో నిర్మించి, పరీక్షించి, వారి సంతకంతో సహా పంపాలి. బర్మాలో మేముండే సంచౌంగ్ పేటలో, మా ఇంటికి నాలుగు వీధుల అవతల, మొహింగా అమ్మే దుకాణం మేడ మీద ట్యూషన్ ఇల్లు ఉండేది. యంత్రాలు పదకొండు, పిల్లలు పదిహేనుమంది. కింది నుంచి చేపల పులుసు వాసన వస్తూ ఉంటే పైన పాఠం నడిచేది.

నేను చదివింది ఛందస్సు, వ్యాకరణం. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి రేవు పనికి వచ్చి మూటలు మోశాడు. మా నాన్న నన్ను ఆ మూటల కిందికి పంపకుండా భజన మందిరంలో పాఠం చెప్పే ఒక పండితుడికి అప్పగించాడు. పగలు జౌళి దుకాణంలో గుమాస్తాగా, సాయంకాలం అదే మందిరంలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులుగా నాకు నలభై ఏళ్ళు గడిచాయి. కంప్యూటరు నా జోలికి రాలేదు, నేను దాని జోలికి పోలేదు. అంటురోగం వచ్చి ట్యూషన్ ఇల్లు మూతపడి, పిల్ల ఇంట్లోనే చదువుకోవలసి వచ్చినప్పుడు మొదటిసారి ఆ తెర ముందు ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను.

కరెంటు ఉన్నప్పుడు యంత్రం మీద, లేనప్పుడు నోటుపుస్తకంలో పెన్సిలుతో ఆమె సూత్రాలు వ్రాసేది. కుండలీకరణంలో కుండలీకరణం, దానిలో మరొకటి. తెరిచినదాన్ని తెరిచిన క్రమంలోనే మూయకపోతే సూత్రమంతా చెడుతుందట. గణం తప్పిన పద్యపాదాన్ని పట్టుకోవడానికి అలవాటుపడిన కన్ను నాది. అర్థం తెలియకపోయినా లోపం కనిపించేది.

"ఇక్కడ ఒకటి తక్కువైంది," అని వేలు పెట్టేవాణ్ణి.

"ఏటి తాతా, నీకిది రాదు గదా. ఎలగ తెలిసింది?"

"తలుపు తెరిచావు, మూయలేదు. అది చెప్పడానికి కంప్యూటరు చదవాలా?"

"మా సయామకి చెప్తాను. ఆవిడ ఉజ్జోగం నీకిచ్చీమని."

సయామ అంటే బర్మీసులో పంతులమ్మ. ఆ సయామ పగలు ఒక ప్రభుత్వ సాంకేతిక కళాశాలలో ఉద్యోగిని, సాయంకాలం ట్యూషన్ ఇంట్లో మా పిల్లకు గురువు. ముప్ఫై దాటని మనిషి. మన పిల్లే. తండ్రి చిన్ననాడే పోయాడు. తెలుగు విని అర్థం చేసుకునేది గాని, మాట్లాడమంటే సిగ్గుపడి బర్మీసులోకి జారుకునేది.

ఇక్కడ మా వాళ్ళందరికీ రెండేసి పేర్లు. గుర్తింపు కార్డు మీద, బడిలో, ఉద్యోగంలో బర్మా పేరు. అందులో ఇంటిపేరుకు చోటు లేదు. ఇంట్లో, దేవుడి ముందు, పెళ్ళి పీటల మీద తెలుగు పేరు. ఎదురింటివాడు తనకు జ్ఞాతి అని తెలియక ముప్ఫై ఏళ్ళు పరాయివాళ్ళలా పలకరించుకున్నవారిని నేనెరుగుదును. కాని చావు దగ్గర ఈ తెలియనితనం కుదరదు. ఒక ఇంటిపేరులో ఎవరు పోయినా ఆ ఇంటిపేరు వారందరికీ పది రోజులు మైల. ఆనాటి పొద్దు వాలేలోగా ప్రతి ఇంటికీ కబురు చేరాలి. చేరకపోతే వాళ్ళు తెలియక దేవుడికి దీపం పెడతారు, ఇంట శుభం చేస్తారు. ఆ దోషం చేసినవారిది కాదు, కబురు చెప్పనివారిది. కబురు పట్టుకుపోయిన మనిషి గుమ్మం దగ్గర బర్మా పేరు పెట్టి పిలవాలి, లోపలికి వెళ్ళాక తెలుగు ఇంటిపేరు చెప్పి చావు చెప్పాలి. ఒక పేరు తెలిసి ఒకటి తెలియకపోతే పని జరగదు.

అందుకని మందిరంలో మా పెద్దలు ఒక పుస్తకం పెట్టారు. దాన్ని కబురు పుస్తకం అంటాము. ఇంటికొక వరుస: ఇంటిపేరు, తెలుగు పేరు, బర్మా పేరు, వీధి, ఇంట్లో ఉన్నవారు. ఎవరైనా పోతే వారి పేరును ముందు పుటల్లో కొట్టివేసి, వెనుక పుటల్లో విడి వరుసగా ఎక్కించి, చిరునామా ఉండవలసిన గడిలో దహనం జరిగిన శ్మశానం పేరు వ్రాస్తాము. నలభై ఏళ్ళుగా అందులోని అక్షరం నాది. పద్యం చెప్పగల శక్తి నాకు లేదు. నేను వ్రాసిన గ్రంథం ఏదైనా ఉంటే అది అదొక్కటే.

మా పిల్ల తన పరీక్ష పనికి ఆ పుస్తకాన్ని ఎంచుకుంది.

"తాతా, ఈయాల నుంచి నువ్వు నా క్లయింటువి. నీకేటి కావాలో సెప్పు."

"నాకేమీ అక్కరలేదు."

"అలగంటే నాకు మార్కులు రావు. కష్టం ఏదో ఒకటి సెప్పు."

కష్టం ఉంది. ఒకరు పోయారంటే పుటలన్నీ తిరగేసి ఆ ఇంటిపేరు వారిని ఏరడానికి నాకు ఒక పూట పట్టేది. పొద్దు వాలే గడువులో సగం అక్కడే పోయేది. ఇంటిపేరు కొట్టగానే ఆ ఇళ్ళన్నీ వరుసగా కనబడాలన్నాను. ఆమె నోటుపుస్తకంలో వ్రాసుకుని కింద నా చేత సంతకం పెట్టించుకుంది. వెనుక పుటల్లోని మృతులతో సహా పుస్తకమంతా నేను చదువుతూ ఉంటే ఆమె ఎక్కించింది. కొన్నాళ్ళకు నేనూ రెండు వేళ్ళతో ఎక్కించడం నేర్చాను.

ఒకనాడు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, ఇంటిపేర్లను అకారాది క్రమంలో పెడితే బాగుంటుందని నాకు బుద్ధి పుట్టింది. ఇంటిపేర్ల నిలువు గడిని ఒక్కదాన్నే ఎంచి బొత్తం నొక్కాను. అవి నిఘంటువులో మాటల్లా బుద్ధిగా వరుసకు వచ్చాయి. తక్కిన గడులు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాయి. ప్రతి మనిషీ మరొకరి వంశంలో పుట్టి కూర్చున్నాడు. అది తెలియక నేను సంతోషంగా భద్రపరచు బొత్తం కూడా నొక్కాను.

పిల్ల తల తుడుచుకుంటూ వచ్చి తెర చూసి తువ్వాలు కుర్చీ మీద పడేసింది. "పెళ్ళి సెయ్యకుండా అందరికీ ఇంటిపేర్లు మార్చీసినావు తాతా," అంది. వారం రోజుల పని పోయింది. సయామ చెప్పే మొదటి పాఠమే అదట: ఒక గడిని ఒంటరిగా కదపకూడదు, కదిపితే వరుస మొత్తం కదలాలి.

పట్టిక మళ్ళీ నిలబడ్డాక ఒక ఆదివారం సయామ మా ఇంటికి వచ్చి పరీక్షించింది. ఏ ఇంటిపేరుతో చూద్దామని మా పిల్ల అడిగితే తన ఇంటిపేరే చెప్పింది. బతికున్నవారి వరుసలు రెండు వచ్చాయి. ఒకటి ఆమెది. రెండవది తన్లిన్‌లో, నది దాటాక, చమురు శుద్ధి కర్మాగారం వైపు ఒక ఇల్లు.

"వీళ్ళెవరు, సయాజీ?" అని బర్మీసులో అడిగింది. పెద్ద పంతులు అన్న గౌరవంతో ఇక్కడ నన్ను అందరూ అలాగే పిలుస్తారు.

"మీ తాతగారి తమ్ముడి పిల్లలు."

"నాన్న తరఫున ఎవరూ లేరని మా అమ్మ చెప్పేది," అంది. ఆ చిరునామాను అరచేతి మీద కలంతో వ్రాసుకుంది, కాగితం పక్కనే ఉన్నా. తరువాతి ఆదివారం పళ్ళు కొనుక్కుని బస్సులో వంతెన దాటి వెళ్ళి వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ తనను పట్టుకుని ఏడ్చిందని, ముక్కు తన తండ్రి ముక్కేనన్నదని మా పిల్లతో చెప్పింది.

పరీక్షలో ఇంకొక భాగం ఉంది. ఒకే లేఖను పట్టికలోని ప్రతి ఇంటికీ ఆ ఇంటి వివరాలతో విడివిడిగా అచ్చు వేయించడం. నమూనాకు పది లేఖలు చాలునని పిల్ల అంది. నా వాక్యం ఊరంతటికీ అచ్చుపడి వెళ్ళే అవకాశం నాకు జీవితంలో మొదటిసారి వచ్చింది, పదితో ఆగనిచ్చానా? అన్నీ వేయించాను. లేఖలో పైన ఆ ఇంటి వివరాలు, కింద అదే ఇంటిపేరు గల తక్కిన ఇళ్ళ పేర్లు, రెండు పేర్లూ, వీధులతో సహా. అడుగున నా పేరు, నా ఇల్లు. తెలుగు భాగాన్ని సమాసాలతో నింపి పెట్టాను. ఆమె దాని కింద బర్మీసు చేర్చింది.

"నీ తెలుగు సదివేవోళ్ళు మందిరంలో నలుగురే ఉన్నారు తాతా. ఆ నలుగురిలో ఇద్దరికి కళ్ళు ఆనవు," అంది.

లేఖల కట్ట బల్ల కింద ఉండగానే ఫిబ్రవరి వచ్చింది. ఒక ఉదయం లేచేసరికి ఫోన్లు మూగపోయాయి. దేశాన్ని సైన్యం తీసుకుందని పక్కింటి రేడియో చెప్పింది. తరువాత రోజుల్లో పిల్లలు వీధుల్లోకి వెళ్ళారు, మా పిల్లా వెళ్ళింది. రాత్రి ఎనిమిదికి నిరసనగా పళ్ళేలు మోగించాము. పళ్ళేలకు తుపాకులు బదులు చెప్పాయి. మా వీధి చివర ఇసుక బస్తాలు అడ్డుగా లేచాయి, సైనికులు వాటిని పీకివేశారు, తలుపులు కొట్టారు, బతికున్న పిల్లలను ఈడ్చుకుపోయారు. విమానాలు లేవు. నెట్‌ను మొదట రాత్రిళ్ళు కోశారు, తరువాత చేతి ఫోన్లలో పగలూ కోశారు. సమాచార సాంకేతికత చదువుకునే పిల్లకు సమాచారం అందకుండా చేసినవారిని ఏ మాటతో తిట్టాలో నేను చదివిన నిఘంటువులన్నిటిలో వెదికాను. ఉన్న మాటలు చాలలేదు.

ఆ రోజుల్లోనే నేను నా తెలివితక్కువ పని చేశాను. ఫోన్లు పనిచేయడం లేదు, ఎవరింట్లో ఎవరు పోయినా తెలిసే దారి లేదు, ఇలాంటప్పుడే కదా చుట్టం ఇల్లు ఎక్కడో చుట్టానికి తెలియాలి అనుకున్నాను. బల్ల కింది కట్ట తీశాను.

"అవి టెస్టు కాయితాలు తాతా. బయటికి ఇవ్వడానికి కాదు," అంది పిల్ల.

"నువ్వు అచ్చు వేసింది మార్కులకే కావచ్చు. నేను వ్రాసింది మనుషులకు."

"సయామ ఏటంటాదో అడిగి ఇవ్వు పోనీ."

అడగలేదు. శనివారం భజనకు వచ్చినవారందరికీ పంచాను, రానివారికి పక్కవారి చేత పంపాను. ఊరి చివర మింగళాడోన్ దాకా వెళ్ళాయి. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు తియ్యగానే ఉంది, ఆ మాట దాచను.

సయామ తన కళాశాలలో సమ్మెలో చేరింది. సైనికుల కింద పని చేయనని సంతకం పెట్టినవారి జాబితాలో ఆమె పేరు ఉందట, ఆ జాబితా పోలీసులకు చేరిందట. ఒక మధ్యాహ్నం కూరగాయల బుట్టతో మా మెట్లెక్కి వచ్చి, వంకాయల అడుగు నుంచి ఒక మెమరీ స్టిక్ తీసి మా పిల్లకు ఇచ్చింది. మిగిలిన పాఠాలన్నీ అందులో ఉన్నాయని, నెట్ లేకుండా చేయగలిగిన అభ్యాసాలు మాత్రమే ఏరి పెట్టానని చెప్పింది. తనను పట్టుకుపోవడానికి మనుషులు తిరుగుతూ ఉంటే ఆమె కూర్చుని ఆ అభ్యాసాలను ఏరింది. వెళ్ళేముందు నా వైపు తిరిగి, తడబడుతూ, తెలుగులో, "నేను నా ఇంటిపేరు దగ్గరికి ఎల్లిపోతన్నాను," అంది. ఆమె నోట నేను విన్న మొదటి పూర్తి తెలుగు వాక్యం అది. మా ఇద్దరికీ అర్థమైంది.

నెల తిరిగేసరికి వార్డు అధికారి వచ్చాడు. సైన్యం కొత్తగా కూర్చోబెట్టిన మనిషి. ఒకప్పుడు మా జౌళి దుకాణంలో లుంగీలు బేరమాడి కొనుక్కున్నవాడే. ఇద్దరు సైనికులను మెట్ల దగ్గర నిలిపి లోపలికి వచ్చి కూర్చుని, ఆరోగ్యం అడిగి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నా లేఖ. ఇళ్ళల్లో కొత్త మనుషులున్నారేమోనని సోదా చేస్తూ ఉంటే ఎవరింట్లోనో దేవుడి పటం వెనుక దొరికిందట. సయామ వాళ్ళ ఇంటిపేరు వారిది కాదు. అది చూసి ఊపిరి తీసుకున్నాను.

"ఎంత ముచ్చటగా ఉంది. ఎవరు చేశారు, సయాజీ?"

"మా మనవరాలు. పరీక్ష కోసం."

"ఒక్క కుటుంబానికే ఇంత వివరం ఉంటే మొత్తం ఎంత బాగుంటుందో. మాకూ ఒక ప్రతి ఇప్పించండి. ఉద్యోగాలు వదిలి పారిపోయినవాళ్ళు చుట్టాల ఇళ్ళల్లో దూరుతున్నారు. మీవాళ్ళ చుట్టరికాలు మాకు అర్థం కావు, రెండేసి పేర్లాయె."

"అది చావు కబురు చెప్పడానికి పెట్టుకున్న పట్టిక," అన్నాను.

"చావులు తగ్గించడానికే నేనూ అడుగుతున్నాను," అన్నాడు నవ్వుతూ. "రేపు మధ్యాహ్నం వస్తాను. చేతివ్రాత పుస్తకం కూడా ఉందటగా. అదీ సిద్ధంగా పెట్టండి."

అతడు దిగిపోయాక పిల్ల నా మొహం చూడలేదు. చూసి ఒక మాట అన్నా బాగుండేది. నేనే మాట్లాడాను. నేను ఇదివరకు చేసిన తప్పునే మళ్ళీ చేద్దామన్నాను. ఇంటిపేర్ల గడిని ఒక్కదాన్నే కదిపేస్తే ఎవరికి ఎవరు చుట్టమో దేవుడికి కూడా తెలియదు.

"ఒద్దు తాతా. ఇంటిపేరు తప్పయినా ఇల్లు నిజమే గదా. మన సయామ తలుపు బదులు ఇంకెవరిదో కొడతారు. కొట్టిన తలుపు ఊరకనే ఒగ్గెయ్యరు."

"కల్పించిన పేర్లు, వీధులు పెడదాం."

"ఒక్క వీధికెళ్ళి సూస్తే సాలు, దొరికిపోతాం. దొరికితే నిన్ను తీసుకెళ్తారు. నాను కంప్యూటరు కాడ ఉన్నాను గాబట్టి నన్నూ తీసుకెళ్తారు." గోరు కొరుకుతూ తెర వైపు తిరిగి అడిగింది. "ఆయనతో ఏటని సెప్పావు? పట్టిక దేనికని?"

"చావు కబురుకని."

"అయితే సచ్చిపోయినోళ్ళనే ఇద్దాం."

ఒక షరతు కొట్టింది. ఎవరి వరుసలో శ్మశానం పేరు ఉన్నదో వారిని మాత్రమే ఉంచి, తక్కినవారిని తీసివేయమని. తెర మీద జీవించి ఉన్నవారందరూ మాయమై, నా చేత్తో నేను సాగనంపినవారు మాత్రం మిగిలారు. మా నాన్న, నా భార్య, నాకు పాఠం చెప్పిన పండితుడు. దొంగ జాబితా కాదు అది. ప్రతి అక్షరం సత్యం.

తీసివేస్తే సరిపోదట. "తుడిచినది యంత్రంలో ఎక్కడో అడుగున ఉండిపోద్ది తాతా. దాని మీద ఇంకేటైనా రాసీయాల. సయామ సెప్పింది," అంది. మందిరంలో రికార్డు చేసిన భజన ఒకటి ఉంటే దాన్నే మళ్ళీ మళ్ళీ నకలు చేసి యంత్రం నిండేదాకా నింపింది. మెమరీ స్టిక్కులనూ అలాగే నింపింది. ఆ భాగం యంత్రం చేసింది. పుస్తకం సంగతి నేను చూడవలసి వచ్చింది.

తగలబెడితే పొగ వస్తుంది, పొగ చూసి చెప్పేవాళ్ళు ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. ముందు పుటలను కుట్టు విప్పి వేరు చేసి, బట్టలు నానబెట్టే తొట్టిలో వేసి నీళ్ళు పోశాను. పాత సిరా ముందు వదిలింది. నీళ్ళు నీలంగా మారాయి. నలభై ఏళ్ళ అక్షరాన్ని పిండి కలిపినట్టు పిసికాను. ఇంటిపేర్లు గోళ్ళల్లో ఇరుక్కున్నాయి. ఆ సమయంలో నాకు దుఃఖం వచ్చిందని వ్రాస్తే అది అబద్ధం. నాకు వచ్చింది కోపమే: తొట్టి మీద, ఆ అధికారి నవ్వు మీద, నలుగురికి అందంగా వ్రాసి పంచాలనే నా చాపల్యం మీద. ముద్దను చెత్తబుట్టలో వేస్తూ ఉంటే పిల్ల వచ్చి నా చేతుల మీద నీళ్ళు పోసింది.

మర్నాడు అధికారి వచ్చి, మృతుల పట్టిక ఎక్కించి ఇచ్చిన స్టిక్‌ను తన యంత్రానికి తగిలించి చూశాడు. పుటలు దింపుతూ దింపుతూ ఆగాడు.

"చిరునామా గడిలో శ్మశానం అని ఉందేమిటి?"

"వాళ్ళు ఉన్నది అక్కడే," అన్నాను.

"అందరూనా?"

"చావుల పట్టిక అని నిన్ననే మనవి చేశాను."

చేతివ్రాత పుస్తకం అడిగాడు. వెనుక పుటలు ఇచ్చాను. మొదటి సగం ఏదని అడిగితే చెదలు తిన్నదన్నాను. అతడు నన్ను వదిలి పిల్ల వైపు తిరిగాడు. "ఏం తల్లీ, రెండేళ్ళు కంప్యూటరు చదివి నువ్వు చేయగలిగింది ఇదేనా?"

"ఇంకా నేర్చుకుంటున్నాను, అంకుల్," అంది ఆమె బర్మీసులో, తల వంచుకుని.

ఆ వంచిన తల నా కళ్ళ ముందు నుంచి పోదు. తరగతిలో అందరికంటె ముందుండే పిల్ల, తన కళ్ళ ముందే తన పనిని తానే చెరిపివేసుకుని, చేతకానిదానిలా నిలబడి, ఒక జౌళి బేరగాడి చేత వెక్కిరింపు పడింది. ఆమె చేత అలా తల వంచించినవారిని నేను క్షమించను. క్షమ గొప్పదని నేను చాలామంది పిల్లలకు చెప్పాను. ఈ ఒక్క విషయంలో ఆ పాఠం వెనక్కి తీసుకుంటున్నాను.

మా యంత్రాన్ని కూడా పట్టుకుపోయి రెండు వారాలు ఉంచుకున్నారు. తిరిగి ఇచ్చినప్పుడు ఒక అక్షరపు బొత్తం ఊడి చేతికి వచ్చింది, పిల్ల దాన్ని బల్ల మీది గిన్నెలో వేసింది. "భజన తప్ప ఏమీ లేదు," అన్నాడు తెచ్చిన మనిషి విసుగ్గా. ఎన్నిసార్లు విన్నాడో పాపం.

తరువాత నేను ఇల్లిల్లూ తిరిగి లేఖలను వెనక్కి అడిగాను. కొందరు చింపేశామన్నారు. కొందరు నా ఎదుటనే పొయ్యిలో పెట్టారు. మింగళాడోన్ వైపు ఒక ముసలావిడ మాత్రం కాగితాన్ని కొంగుకింద దాచుకుంది.

"ఏటి పంతులు గోరూ, మీరే ఇచ్చినారు, మళ్ళీ మీరే అట్టుకెళ్తన్నారు. పెళ్ళి సమ్మందం సెడిపోయినట్టు ఏటిది?"

"తప్పులు పడ్డాయమ్మా. సరిచేసి ఇస్తాను."

"మీ కాయితంలో తప్పా?" అని ఆశ్చర్యపోయి ఇచ్చింది. నేను ఆమెతో అబద్ధమాడాను. తన్లిన్ మాత్రం వెళ్ళలేదు. నా వెనుక ఎవరైనా వస్తారేమోనని భయం. ఆ ఇంటి వాళ్ళు లేఖను తామే కాల్చేశారని చాలా తరువాత తెలిసింది. సయామ అక్కడ ఎన్నాళ్ళు ఉన్నదో, ఆపైన ఎటు వెళ్ళిందో నేను అడగలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె లేదు, ఆ ఇల్లూ మా వాళ్ళది కాదు. అందువల్లనే ఇంత మాత్రమైనా వ్రాయగలుగుతున్నాను.

పిల్ల తన దగ్గర మిగిలిన పట్టికనే పరీక్షకు పంపింది. లేఖల నమూనాలు లేవు, నేను మొదట సంతకం పెట్టిన కాగితాలు లేవు. పరీక్ష తప్పలేదు గాని, ఆశించిన శ్రేణి రాలేదు. దానితో ఆమె అనుకున్న చదువుకు దారి మూసుకుంది. నేను మొదట ఉదహరించిన వాక్యానికి ముందు పరీక్షాధికారి ఇంకొక వాక్యం వ్రాశారు: "పట్టికలోని వారందరూ మృతులుగా కనిపిస్తున్నారు."

కబురు పుస్తకం లేని మొదటి చావు ఆ వానాకాలంలోనే వచ్చింది. రెండవసారి విజృంభించిన రోగంలో ఒక పెద్దాయన పోయాడు. ఆ ఇంటిపేరు ఇళ్ళు ఎన్నో నేనూ పిల్లా కూర్చుని గుర్తుచేసుకున్నాము. ఆరు ఇళ్ళకు కబురు పంపగలిగాము. ఏడవది ఉందని ఇద్దరికీ తెలుసు, ఎక్కడో గుర్తు రాలేదు. ఆ ఏడవ ఇంట్లో అయిదో రోజున పసిబిడ్డకు అన్నప్రాశన చేశారు. సంగతి తెలిసి ఆ ఇంటి యజమాని మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నలభై ఏళ్ళు పుస్తకం రాసినారు. మా ఇంటికొచ్చేసరికి మీ కలంలో సిరా అయిపోనాదా?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పడానికి వీలు లేదు. అతడు ఆ బిడ్డకు తాత, నాకంటె చిన్నవాడు. అయినా లేచి నిలబడి చేతులు జోడించాను. అతడు నా ఇంట మంచినీళ్ళు ముట్టకుండా దిగిపోయాడు.

పై విడతలో పనిని మళ్ళీ పంపవచ్చని ట్యూషన్ ఇంటి నుంచి కబురు వచ్చింది. కొత్త ఫారం తెచ్చింది పిల్ల. అందులో నాలాంటివాడు నింపవలసిన గడి ఒకటి ఉంది: ఈ పని వల్ల వినియోగదారునికి కలిగిన ప్రయోజనం. వంద మాటలకు తగ్గకుండా వ్రాయాలట.

"ఏటి రాత్తావు తాతా?" అని ఎదురుగా కూర్చుంది. కలం మూత తీసి నా చేతిలో పెట్టింది.

వంద మాటలు నాకు పెద్ద పని కాదు. జీవితమంతా నలుగురు చదవలేని వాక్యాలు కట్టినవాణ్ణి. చాలాసేపు కూర్చుని ఆరు మాటలు వ్రాశాను. "ఈ పట్టిక ఉపయోగపడింది. ఎవరికో నేను చెప్పను." కింద తెలుగులో సంతకం పెట్టి, పక్కన పిల్ల ఇంగ్లీషులో వ్రాయడానికి చోటు వదిలాను.

ఆమె చదివింది. "ఇలగ పంపితే మళ్ళీ కోసేత్తారు తాతా."

"కోయనీ."

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. నా వాక్యాల పక్కన ఇంగ్లీషు వ్రాసింది. ఒక్క మాట చేర్చలేదు, తీయలేదు. ఫారాన్ని కవరులో పెట్టి అంటించి, బల్ల మీద ఆ ఊడిపోయిన అక్షరపు బొత్తం ఉన్న గిన్నెను దాని మీద బరువుగా పెట్టింది.